రాయి కలకండైన ఊళ్లో మామిడిపండ్ల పాయసం

మా ఇంట్లో మొదటిసారి మామిడిపండ్ల పాయసం చేసిన రోజు పాలు విరిగిపోయాయి.

ఆ రోజు గురుపౌర్ణమి. కైవారంలో యోగి నారేయణ తాతయ్య మఠానికి పోయే భజన మేళాలు దారిలో మా వాకిట్లో కాసేపు ఆగేవి. తాళాలు, మృదంగం, గొంతు బొంగురుపోయినా పాట ఆపని పెద్దవాళ్లు. వాళ్ల చేతుల్లో ఏదైనా తీపి పెట్టి పంపాలన్నది మా అవ్వ పెట్టుకున్న నియమం. ఏటా బెల్లం పరమాన్నమే. ఆ ఏడు కొత్తగా ఏదైనా చేద్దామని అమ్మకి మనసైంది. గడ్డిలో మాగేసిన నీలం పండ్లు ఓ గంపెడు మిగిలి ఉన్నాయి. ఆ కాపుకి అవే ఆఖరు. అమ్మ ఐదారు పండ్లు పిసికి, పీచు తీసేసి, ఆ రసాన్ని పొయ్యి మీద తెర్లుతున్న పాయసంలో గబుక్కున వంపేసింది.

గంటె నాలుగు తిప్పులు తిప్పిందో లేదో, తెల్లగా చిక్కగా ఉన్న పాయసం తరకలు తరకలుగా చీలిపోయింది. పచ్చటి తేట పైకి వచ్చింది. అన్నం మెతుకులూ విరిగిన పాల ముద్దలూ అడుగుకి దిగాయి. వంటింట్లో పులిసిన వాసన. బయట మేళం మొదలైంది.

"అట్ల కుమ్మరిస్తారా యాడన్నా? ఇరిగిపోయినాయి సూడు పాలు," అంది అవ్వ. అమ్మ మాట్లాడలేదు. గంటె పట్టుకుని అలాగే నిలబడింది. ఇంట్లో ఉన్న పాలన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి. అవ్వ ఇంకేమీ అనకుండా గిన్నె దించి, పాత పంచె ముక్కలో ఆ ముద్దనంతా వడగట్టి, బెల్లం వేసి మళ్లీ పొయ్యెక్కించి దగ్గరికి వచ్చేదాకా కలిపింది. అది పిల్లలకి. భజన వాళ్లకి ఆ ఏడు మజ్జిగా బెల్లం ముక్కా ఇచ్చి పంపాం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఒక వంట ఎలా పుడుతుందో నేను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. అది పూర్తిగా పుట్టడానికి ఇంకో పదకొండు నెలలు పట్టింది. ఈ పాయసాన్ని లోకంలో మొదట మా అవ్వే చేసిందని నేను అనడం లేదు. మామిడి ఉన్న ప్రతిచోటా, పాడి ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరు చేసే ఉంటారు. కానీ చేసిన ప్రతి ఇంట్లోనూ ముందు ఒక గిన్నె విరిగే ఉంటుందని, ఆ తర్వాతే పాయసం వచ్చి ఉంటుందని నా నమ్మకం.

మామిడినీ పాలనీ కలపడం మా సీమకి కొత్త కాదు. కైవారం చింతామణి తాలూకాలో ఉంది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా అయ్యేదాకా అంతా కోలారు జిల్లానే. బళ్లో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. వంటింట్లో కూడా అంతే. పక్క తాలూకా శ్రీనివాసపురం మామిడితోటలకి పేరుపడిన చోటు. రామనగరం వైపు కాయ ముందే వచ్చేస్తుంది, మాది ఆలస్యం. మే నెల సగం దాటాక మొదలై ఆషాఢం దాకా సాగుతుంది. బంగినపల్లిని మేం బేనిషా అంటాం. ఆల్ఫోన్సోని బాదామి అంటాం. రసం పిసుక్కోవడానికి రసపురి, ఫ్యాక్టరీలకి తోతాపురి, చివరాఖర్న నీలం. ఆ రోజుల్లో ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేస్తే పక్కన సీకరణె ఉండాల్సిందే. మాగిన మామిడి గుజ్జు, చల్లార్చిన పాలు, బెల్లం, యాలకుల పొడి. పొయ్యితో పని లేదు. ఓళిగ తుంచి అందులో ముంచుకుని తినడమే.

ఈ సీకరణె అన్న మాట వెనక ఒక పెద్ద కథ ఉంది. మూలం శిఖరిణి. సంస్కృత పాకశాస్త్రాల్లో శిఖరిణి, రసాల అన్న పేర్లతో కనిపించేది పెరుగుతో చేసే తీపి. పెరుగుని గుడ్డలో కట్టి నీళ్లు కారనిచ్చి, చక్కెర కలిపి, యాలకులు, మిరియాలు, పచ్చకర్పూరం వేసేవాళ్లు. శ్రీఖండానికి అది పూర్వరూపం. 12వ శతాబ్దపు చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో పాయసమూ ఉంది, శిఖరిణీ ఉంది. కాలం గడిచేకొద్దీ కన్నడనాట ఆ పేరు పెరుగుని వదిలి పండు దగ్గరికి వచ్చి సీకరణె అయింది. మరాఠీలో అదే పేరు శిక్రణ్ అయి, అరటిపండూ పాలూ కలిపిన తీపికి స్థిరపడింది.

ఆ రసాల అనే తీపిని మొట్టమొదట చేసినవాడు భీముడని, కృష్ణుడు రుచి చూసి మెచ్చుకున్నాడని పాకశాస్త్ర గ్రంథాల్లో చెబుతారు. మా ఊరివాళ్లకి భీముడు పరాయివాడు కాదు. కైవారమే ఆనాటి ఏకచక్రపురమని ఇక్కడి నమ్మకం. లక్క ఇల్లు కాలిపోయాక కుంతి కొడుకులతో వచ్చి తలదాచుకున్న ఊరు, బకాసురుడికి వంతులవారీగా బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషిని పంపిన ఊరు. భీముడు ప్రతిష్ఠించాడని చెప్పే భీమలింగేశ్వరుడి గుడి ఇప్పటికీ ఉంది. బండి తోలుకుపోయిన భీముడు రాక్షసుడి కళ్లముందే ఆ అన్నమంతా తిన్నాడని మా అవ్వ చెప్పేటప్పుడు, "మొత్తం తినేసినాకనే లేసినాడు, మధ్యలో లేయలే," అని ఆ ముక్క దగ్గర ఆగేది. వంటవాడిగానూ తిండిపోతుగానూ పేరున్న ఒకే ఒక్క వీరుడు మా ఊళ్లో ఉన్నాడంటే, ఆయన కనిపెట్టిన తీపి పేరు మా వంటింట్లో మిగిలిందంటే, చరిత్రకారులు ఏమన్నా నాకు అది సంతోషమే.

సీకరణెలో పాలూ మామిడీ ఏ పేచీ లేకుండా కలిసిపోతాయి. మరి పాయసంలో ఎందుకు విరిగాయి? అమ్మ ఆ ఏడంతా అడుగుతూనే ఉండింది. అడిగిన ప్రతివాళ్లూ తలో కారణం చెప్పారు. గిన్నెకి పులుపు అంటుకుని ఉంటుందన్నారు. పౌర్ణమి నాడు పాలతో ప్రయోగాలు చేయకూడదన్నారు. పండూ పాలూ శత్రువులన్నారు. ఈ చివరి మాటకి ఆధారం లేకపోలేదు. పులుపు పండ్లని పాలతో కలిపి తినడం విరుద్ధాహారమని చరకసంహిత చెబుతుంది. అయితే తర్వాతి కాలపు భావప్రకాశం పాలతో కలిపిన మామిడిపండుని బలాన్నిచ్చేదిగా మెచ్చుకుంటుంది. ఈ రెండింటి మధ్యా తేడా పండు మాగడంలో ఉంది. పుల్లటి పండు వేరు, తీపెక్కిన పండు వేరు. మా అమ్మ వేసిన ఆఖరి కాపు నీలంలో తీపితోపాటు పులుపు కూడా గట్టిగానే ఉండింది.

కానీ అసలు సంగతి పట్టుకున్నది అవ్వ. చదువు లేని మనిషి. ఓ రోజు, దంచిన బెల్లాన్ని డబ్బాలోకి ఎత్తుతూ, చేతిలో బెల్లం ముక్క పట్టుకుని ఆగిపోయింది.

"ఏమ్మే, బెల్లమేసేటప్పుడు పాలు దించి ఆరబెట్టుకుంటాము గదా. పండుకి ఆ మర్యాద ఏంటికి ఇయ్యలేదు మనము?"

తెలుగింటి ఆడవాళ్లలో ఈ మాట అర్థం కానివాళ్లు ఉండరు. పరమాన్నంలో బెల్లం వేయడం ఎంత భయమైన పనో చేసినవాళ్లకి తెలుసు. మరిగే పాలలో బెల్లం వేస్తే విరిగిపోతాయి. పాత బెల్లమైతే మరీను. అందుకని అన్నం పాలలో మెత్తగా ఉడికాక గిన్నె దించి, వేడి తగ్గాక, విడిగా కరిగించి వడగట్టి చల్లార్చిన బెల్లం పాకాన్ని కలుపుతారు. తరతరాలుగా చేతుల్లో ఉన్న జాగ్రత్త అది. పంచదార అలవాటయ్యాక చాలామంది మరిచిపోయారు గానీ, మా అవ్వ కాలానికి తీపంటే బెల్లమే. ఆవిడ చేసిందల్లా బెల్లానికి పెట్టిన నియమాన్ని పండుకి కూడా పెట్టడం. నా దృష్టిలో మామిడిపండ్ల పాయసం పుట్టింది ఆ బెల్లం డబ్బా దగ్గరే. ఆ పూట పొయ్యి కూడా వెలగలేదు.

అవ్వ చేత్తో పట్టుకున్న ఆ సంగతిని తర్వాత నేను పుస్తకాల్లో చదివాను. పాలలోని ప్రోటీన్లలో దాదాపు 80 శాతం కేసీన్. అది పాలలో కంటికి కనబడని చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండడంవల్ల ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. అందుకే పాలు పాలుగా ఉంటాయి. తాజా పాల పీహెచ్ 6.6, 6.7 దాకా ఉంటుంది. పులుపు చేరేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. 4.6 దగ్గరికి వచ్చేసరికి ఆ తోపులాట పూర్తిగా ఆగిపోయి ఉండలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. పాలు విరగడమంటే అదే. ఇదంతా చల్లటి పాల లెక్క. పాలు మరుగుతున్నప్పుడు అంత పులుపు అక్కర్లేదు, అంతకంటే చాలా తక్కువకే విరుగుతాయి. బెల్లంలోని కొద్దిపాటి పులుపూ లవణాలూ మరిగే పాలని విరిచేది అందుకే. అదే బెల్లం, అదే పండు, గోరువెచ్చటి పాలలో ఆ పని చేయలేవు. సీకరణె విరగకపోవడానికి కారణం కూడా ఇదే.

పదకొండు నెలల తర్వాత, ఏరువాక పున్నమి నాడు, రెండోసారి. కన్నడంలో కార హుణ్ణిమె అంటారు. ఎద్దులని కడిగి కొమ్ములకి రంగు పూసే పండగ. మామిడి కాపు నడుమన వచ్చే రోజు అది. ఈసారి పండ్లు ఎంచింది అవ్వ. నీలం వద్దంది. బేనిషాలోనే, చర్మం మీద నల్ల చుక్కలు పడి, తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా లొంగే పండ్లు నాలుగు తీసింది. ఒక చెక్క కోసి నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఆగి, "ఊ, పులుపు లేదు," అంది.

శేరు పాలు పొయ్యి మీద పెట్టారు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే లీటరు పాలకి పిడికెడు బియ్యం, అంటే 60, 70 గ్రాములు. కడిగి నానబెట్టిన బియ్యాన్ని పాలలోనే ఉడకనిచ్చారు. అడుగంటకుండా కలుపుతూ, పక్కలకి కట్టిన మీగడని గంటెతో లోపలికి తోస్తూ, పాలు మూడొంతుల్లో ఒక వంతు ఇగిరేదాకా. బియ్యం గంజి పాలకి పట్టు ఇస్తుంది. ఆ చిక్కదనంలో కేసీన్ ఉండలు ఒకదాని దగ్గరికి ఒకటి చేరడం కూడా కష్టమవుతుంది. తర్వాత గిన్నె దించి చుట్టకుదురు మీద పెట్టి, మూత వేయకుండా వదిలేశారు. మూత వేస్తే ఆవిరి నీళ్లు కారి పాయసం పలచబడుతుంది.

ఇటు చిన్న బాణలిలో చెంచాడు నెయ్యి, మామిడి గుజ్జు, తురిమిన బెల్లం. గుజ్జు రంగు కాస్త ముదిరి, నెయ్యి అంచులకి తేలేదాకా సన్నటి సెగన కలిపి, దాన్నీ దించేశారు. పచ్చి వాసన పోయింది. గుజ్జులోని నీరు కూడా ఇగిరింది.

ఆ పైన ఎదురుచూపు. అమ్మకి ఓపిక పట్టలేదు. "అత్తా, కలిపేద్దామా?" అని రెండుసార్లు అడిగింది. అవ్వ చిటికెనవేలు పాయసంలో ముంచి, "ఇంకా కాదు," అంది. ఇంకొంచెం సేపాగి మళ్లీ వేలు పెట్టింది. "ఇంకా కాదు." మూడోసారి వేలు అలాగే ఉంచి, మనసులో ఏదో లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిపి, తల ఊపింది.

అప్పుడు కూడా గుజ్జుని పాయసంలో వేయలేదు. ఒక గంటెడు పాయసం తీసి గుజ్జులో పోసి కలిపింది. ఇంకో గంటెడు. "ముందు పండుకి పాలని పరిచయం చెయ్యాల. ఆ పైన పాలకి పండుని," అంది. అలా పలచబడిన గుజ్జుని సన్నటి ధారగా గిన్నెలోకి వదులుతూ ఉంటే అమ్మ కలిపింది. పాయసం తెలుపు నుంచి మీగడ రంగుకి, మీగడ రంగు నుంచి చామంతి పసుపుకి మారింది. ఎక్కడా ఒక్క తరక లేదు. నేను గిన్నె అంచు పట్టుకుని చూస్తూ ఊపిరి బిగపట్టుకున్నానని ఇప్పటికీ గుర్తు. ఆ రోజు తిన్న మొదటి ముద్దలో మామిడి వాసన ముందు వచ్చింది, పాల తీపి వెనక వచ్చింది, యాలకులు ఎక్కడో చివర తగిలాయి.

మరుసటి నెల గురుపౌర్ణమికి భజన వాళ్లందరికీ అదే పాయసం పెట్టాం.

ఆ గురుపౌర్ణమి గురించి, తాతయ్య గురించి చెప్పకుండా మా ఊరి తీపి కథ పూర్తి కాదు. యోగి నారేయణ యతీంద్రులు, మాకందరికీ కైవార తాతయ్య, 1726లో పుట్టారు. ఊరూరా తిరిగి గాజులమ్మిన మనిషి. 110 ఏళ్లు బతికి 1836లో జీవసమాధి అయ్యారు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, అమరనారేయణ శతకం, కాలజ్ఞానం చెప్పారు. ఆయన్ని మార్చిన సంఘటన మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. పరదేశిస్వామి అనే గురువు ఆయనకి అష్టాక్షరి ఉపదేశించి, నోట్లో ఒక గులకరాయి పెట్టుకోమన్నాడు. అది కలకండ అయ్యేదాకా జపం ఆపవద్దన్నాడు. గాజుల మలారం పక్కన పెట్టి ఆయన గుట్ట మీది గుహలో కూర్చున్నారు. రాయి కరిగి తీపైంది. కలకండని కన్నడంలో కల్లు సక్కరె అంటారు. కన్నడంలో కల్లు అంటే రాయి. రెండు భాషలూ మాట్లాడే మా ఊళ్లో రాయి చక్కెర కావడమనే ఆ కథకి మాటలోనే బలం ఉంది.

ఇంకో విషయం నన్ను ఎప్పటి నుంచో పట్టుకుంది. టిప్పు పడిపోయిన మరుసటి ఏడు, 1800లో, గవర్నర్ జనరల్ వెల్లెస్లీ పంపగా ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు సీమంతా తిరిగి చూసిన ప్రతిదీ రాసుకున్నాడు. ఆ పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది. చిక్కబళ్లాపురంలో తయారయ్యే కలకండ చైనా కలకండకి సాటి వస్తుందని అందులో రాశాడు. చక్కెరని తెల్లగా శుద్ధి చేసే పని టిప్పు శ్రీరంగపట్నంలో మొదలుపెట్టించి రహస్యంగా ఉంచాడని, ఇక్కడివాళ్లు దాన్ని తెలుసుకున్నారని కూడా రాశాడు. అప్పటికి తాతయ్యకి 74 ఏళ్లు, కైవారంలోనే ఉన్నారు. అంటే ఆ కథలోని కలకండ ఎక్కడో దూరాన దొరికే రాజుల తీపి కాదు, దగ్గరి పేటలోనే మనుషులు చేతులు కాల్చుకుని చేసిన వస్తువు. అయినా పల్లెలో పంచదార పాయసం చాలా కాలం ధనవంతుల మాటే. మండ్యలో మైసూర్ షుగర్ కంపెనీ 1933లో వచ్చింది. అది వచ్చాక కూడా మా ఇంట్లో పంచదార కాఫీకే, పండగకి బెల్లమే.

చక్కెర సంగతి అలా ఉంటే, పాల సంగతి ఇంకోలా నడిచింది. కోలారు సీమని బంగారం, పట్టు, పాల సీమ అని పిలవడం ఈనాటి మాట. నిండుగా పారే ఏరు లేని మెట్ట. చెరువు కింద ఉన్న కాస్త మడిలోనే వరి, మిగతా అంతా రాగి. సంగటి తినే ఇంట్లో బియ్యం వండడమే పండగ, ఆ బియ్యాన్ని పాలలో వండడం పండగలో పండగ. అవ్వ చిన్నప్పటి పాయసంలో పాలు పావు వంతు, నీళ్లు ముప్పావు వంతు అని ఆవిడే చెప్పేది. ఈ సీమకే చెందిన ఎం.వి. కృష్ణప్ప నెహ్రూ మంత్రివర్గంలో వ్యవసాయ శాఖ ఉపమంత్రి. డెన్మార్క్ ఆవుల్ని ఈ ప్రాంతానికి తెప్పించి పాడికి దారి వేసినవాడిగా ఆయన్ని ఇక్కడ తలుచుకుంటారు. 1974లో ప్రపంచ బ్యాంకు సాయంతో రాష్ట్రంలో పాడి అభివృద్ధి సంస్థ మొదలైంది. అదే ఇప్పటి కర్ణాటక పాల సమాఖ్య, నందిని పాలు. ఊరూరా సొసైటీ వచ్చింది. పొద్దునా సాయంత్రమూ క్యాన్లు పట్టుకుని ఆడవాళ్లు బారులు తీరారు. పట్టుపురుగుల డబ్బు పంటకొకసారి వస్తే, పాల డబ్బు వారం వారం వచ్చింది.

సీమావు వచ్చాక పాలు పెరిగాయి, చిక్కదనం తగ్గింది. గేదె పాలలో ఆరేడు శాతం వెన్న ఉంటే, సీమావు పాలలో మూడున్నర, నాలుగు. అవ్వ ఆ పాలు చూసి మొహం చిట్లించేది. పాయసానికి అవి మూడొంతుల్లో ఒక వంతు ఇగిరితే చాలవు, సగమయ్యేదాకా కాచాల్సి వచ్చేది. కానీ అమ్మకి ప్రయోగాలు చేసుకునే ధైర్యం ఇచ్చింది ఆ పాలే. ఇంట్లో పూటకి శేరు పాలు ఉన్నప్పుడు ఒక గిన్నె విరిగినా ఆ రోజు ఏడవక్కర్లేదు. పేదరికంలో వంట మారదు, భయం వల్ల. ఒక్క గిన్నె పోతే తట్టుకోగల ఇంట్లోనే కొత్త వంట పుడుతుంది.

ఆ తర్వాతి ఏళ్లలో మా పాయసంలోకి రాని పండు లేదు. గుట్టల మీది సీతాఫలం బాగా కుదిరింది. దానికి పులుపు తక్కువ, అయితే వేడి తగిలితే చేదెక్కుతుంది. కాబట్టి బాణలి ఎక్కించకుండా గింజలు తీసిన గుజ్జుని పూర్తిగా చల్లారిన పాయసంలో కలపాలి. అరటిపండు ముక్కలకి ఏ పేచీ లేదు. మాగిన పనసతొనలూ అంతే. కేరళవాళ్లు పనసపండు ప్రథమన్‌ని కొబ్బరిపాలతో చేస్తారు, బెల్లంతో విరిగే భయమే లేకుండా. అనాస మాత్రం అమ్మని ఏడిపించింది. చల్లారాకే కలిపింది, అన్ని జాగ్రత్తలూ తీసుకుంది, అయినా గంట తర్వాత పాయసం నీళ్లయి చేదెక్కింది. ఇక్కడ తప్పు పులుపుది కాదు. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రోటీన్లని ముక్కలు చేస్తుంది. బొప్పాయిలోని పపైన్ కూడా అలాంటిదే. ఆ ముక్కలకి చేదు రుచి ఉంటుంది. అనాస ముక్కల్ని ముందు పంచదారతో బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. సీతాఫలానికి వేడి తగలకూడదు, అనాసకి తగలకపోతే కుదరదు. ఒక్కో పండు స్వభావం ఒక్కోటి.

పెళ్లిళ్లలో ఇప్పుడు పాయసం పక్కన, చాలాచోట్ల పాయసం బదులు, పండ్ల ముక్కలు వేసిన కస్టర్డ్ పెడుతున్నారు. దాని పుట్టుక కూడా ఒక ఇంటి కథే. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకి గుడ్లు పడేవి కావు. వాళ్ల కస్టర్డ్ గుడ్లతోనే చిక్కబడుతుంది. ఆవిడ కోసం 1837లో ఆయన గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో చిక్కబడే పొడి చేశాడు. ఆవిడకి పడాలని చేసిన ఆ గుడ్డులేని పొడి శాకాహారుల పెళ్లిపందిళ్లలోకి వచ్చి కూర్చుంది. చల్లార్చాకే పండ్లు కలపాలన్న నియమం దానికీ వర్తిస్తుంది. మా అమ్మ మొదటిసారి కస్టర్డ్ డబ్బా మీది సూచనలు నాతో చదివించుకుని, ఆ వాక్యం రాగానే, "ఇది మీ అవ్వ చెప్పిందే గదరా," అంది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. గురుపౌర్ణమికి కైవారంలో ఇప్పుడు మూడు రోజుల సంగీతోత్సవం, 72 గంటలు పాట ఆగదు. మఠంలో వచ్చినవాళ్లందరికీ అన్నం. మా వాకిట్లో ఆగే మేళాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అమ్మకి మోకాళ్లు సహకరించడం లేదు, వంటింట్లో పీట మీద కూర్చుని చెబుతుంది, నా కూతురు చేస్తుంది.

ఈ ఏడు నా కూతురు ద్రాక్షపండ్లు పట్టుకొచ్చింది. చిక్కబళ్లాపురం తోటల్లో కాసే నల్ల ద్రాక్ష, బెంగళూరు బ్లూ. తోలు మందం, గింజ ఉంటుంది, వాసన గది నిండుతుంది, పులుపు కూడా ఎక్కువే. ఇది పాలలో పడితే ఇక చెప్పక్కర్లేదని నేనన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఒక పండు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, గింజలు అరచేతిలోకి ఉమ్మి, "తోలూ గింజా వడగట్టేసి, బెల్లమేసి సగమయ్యేదాకా కాంచు. చిక్కబడినాక చూద్దాము," అంది. అలా కాచిన రసం లేహ్యంలా, నేరేడు రంగులో తయారైంది. మొదటి గిన్నె విరిగింది. రెండోదానికి బియ్యం కాస్త ఎక్కువ పోసి గంజిపట్టు పెంచారు.

ఇది రాస్తున్నప్పుడు ఆ రెండో గిన్నె చుట్టకుదురు మీద మూత లేకుండా ఆరుతూ ఉంది. నా కూతురు ఇప్పుడే చిటికెనవేలు ముంచి చూసింది.

"ఇంకా కాదు," అంది.